సర్కస్ మానేసి సినిమాల్లోకి వెళ్తే మరుగుజ్జు కళాకారుల బతుకు బాగుపడుతుందా?

పడదు. నేను బాగా ఎరిగిన మనిషికైతే సర్కస్సే నయం.

మాది ఏలూరు, నాన్న దర్జీ. ఊళ్లో సర్కస్ డేరా వేస్తే వాళ్ల బట్టల పనులు చాలావరకు మా కొట్టుకే వచ్చేవి. అలా ఒకసారి ఒక జోకరు వచ్చాడు. శ్రీకాకుళం వైపు మనిషి, మూడున్నర అడుగులు ఉంటాడు. నాన్న మిషను మీంచి తల ఎత్తకుండానే "ఏం బాబూ, మీ నాన్న ఏడీ?" అన్నాడు. "నాకే ఇద్దరు పిల్లలున్నారు మాస్టారూ" అన్నాడాయన. నాన్న చటుక్కున లేచి, కుర్చీ వేసి, "ఏమీ అనుకోకండి" అంటూ టీ తెప్పించాడు.

నాన్న చెబుతుంటే కొలతలు నేను రాశాను. ఛాతీ, భుజాలు, నడుము నాన్నవాటితో సమానం. చేతులు, కాళ్లే పొట్టి. పిల్లల రెడీమేడ్ చొక్కా కొంటే ఛాతీకి పట్టదు, పెద్దవాళ్లది కొంటే చేతులు సగం కత్తిరించాలి. దీన్ని ఎకాండ్రోప్లేసియా అంటారు. ఎఫ్‌జీఎఫ్‌ఆర్3 అనే జన్యువులో మార్పు వల్ల వస్తుంది. ఇలా పుట్టేవాళ్లలో ఎక్కువమంది తల్లిదండ్రులు మామూలు ఎత్తువాళ్లే. "ఏ జన్మలో ఏ పాపం చేసిందో" అని ఆ తల్లుల్ని దెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఆయనకు కావలసింది రింగులో ఊడిపోయే ప్యాంటు. పక్కన ఒక్క హుక్కు లాగితే జారిపోయి, లోపలి పూల నిక్కరు కనబడాలి. ఆ నిక్కరుకి తుంటి పక్కల దూది మెత్తలు కుట్టాలి. మెత్తలెందుకని అడిగాను. మా కొట్టు గచ్చు మీదే పడి చూపించాడు. నడుము నేలకు తగలనివ్వకుండా భుజం మీదుగా దొర్లి లేచాడు. తర్వాత నన్ను చెంపదెబ్బ కొట్టమన్నాడు. నా చెయ్యి ఆయన ముఖం దాకా వెళ్లిందో లేదో ఠప్పుమని మోగింది, కానీ నా చేతికి ఏమీ తగల్లేదు. ఛాతీ దగ్గర ఆయనే చప్పట్లు కొట్టుకున్నాడు. నేను ముఖమే చూస్తున్నాను కాబట్టి ఆ చేతులు నా కంటపడలేదు.

జనం ఎత్తు చూసి నవ్వుతారనుకుంటారు. ఎత్తుకి నవ్వేది మొదటి నిమిషమే, ఆ తర్వాత నవ్వించేదంతా టైమింగే. ట్రాపీజ్‌కి, అంటే పైన ఊయలల మీద ఊగే ఆటకి, వల కట్టేంతసేపు జనాన్ని కుర్చీల్లోంచి లేవకుండా పట్టి ఉంచేది జోకర్లే. 1998లో పులులు, సింహాలు, ఎలుగుబంట్లు, కోతులతో ఆటలను కేంద్రం నిషేధించాక వాళ్ల మీద భారం ఇంకా పెరిగింది. మన దేశంలో సర్కస్ ఇంకా బతికి ఉందంటే సగం వీళ్ల చలవే. కానీ రోజుకు మూడు ఆటలు, ప్రతి ఆటలో కిందపడటం. ఎకాండ్రోప్లేసియా ఉన్నవాళ్లకు వెన్నులో నరాలు వెళ్లే దారి అసలే ఇరుకు. ఆయనకు అప్పటికే కాళ్లు తిమ్మిరెక్కుతుండేవి.

ఆ తర్వాత సినిమా వేషాలని ఎవరో ఆశపెడితే హైదరాబాద్ వెళ్లి కృష్ణానగర్‌లో గది తీసుకున్నాడు. దొరికినవి రెండే రకాల పనులు. విలన్ వెనక నిలబడి తన్నులు తినడం, లేదా పిల్లలకు డూప్‌గా పిల్లాడి చొక్కా వేసుకుని మేడ మీంచి దూకడం. ముఖం కనబడకూడదు, టైటిల్స్‌లో పేరు పడదు. సర్కస్‌లో నెల జీతం, తిండి, డేరాలో చోటు ఉండేవి. ఇక్కడ పిలిచిన రోజే కూలి, అందులోనూ ఏజెంటు కమిషన్ పోను మిగిలిందే. ఒక షూటింగ్‌లో గోడ దూకితే మోకాలు వాచింది. ఆటో డబ్బులిచ్చి పంపేశారు.

ఈ మాట ఎత్తగానే అందరూ 1989లో వచ్చిన 'విచిత్ర సోదరులు' గురించి చెబుతారు. సర్కస్ జోకర్ అప్పుగా కమల్ హాసన్ గొప్పగా చేశాడు, కాదనను. నిజంగా ఆ ఎత్తున్న నటుడికి అలాంటి పాత్ర ఎందుకివ్వరు? మలయాళం వాళ్లు ఇచ్చారు. 76 సెంటీమీటర్ల అజయ్ కుమార్ 2005లో 'అద్భుత ద్వీపు'లో హీరో అయ్యి గిన్నిస్ కెక్కాడు, 2013లో ఒక సినిమాకు దర్శకత్వం కూడా చేశాడు. మనవాళ్లకేం అడ్డం?

ఇంకో బాధ కూడా చెప్పాలి. 1995 వికలాంగుల చట్టంలో మరుగుజ్జుతనం పేరే లేదు. 2016 చట్టంలో చేర్చారు. పెద్దయ్యాక ఎత్తు 147 సెంటీమీటర్లు, అంతకన్నా తక్కువ ఉంటే వర్తిస్తుంది. అయినా పల్లెవెలుగు బస్సు ఎక్కాలంటే ఆయన ఇప్పటికీ మెట్టు మీద చేతులు ఆనించి పాకాల్సిందే. సాయం పట్టకుండా వెనక నిలబడి ఫోన్‌లో వీడియో తీసేవాళ్లను నా కళ్లతో చూశాను.

కాబట్టి ప్రశ్న అడిగినవారు ఈ వృత్తిలోనే ఉంటే, సినిమా వాళ్లు పిలిచినప్పుడు వెళ్లి చేసి రండి, సర్కస్ జీతం మాత్రం వదులుకోకండి. దూకే షాట్ ఉందా, ఉంటే దానికి విడిగా ఎంతిస్తారు, దెబ్బ తగిలితే ఆసుపత్రి ఖర్చు ఎవరిది, ఈ మూడూ ఏజెంటుతో కాకుండా ప్రొడక్షన్ మేనేజర్‌తోనే, మేకప్ వేసుకోకముందే తేల్చుకోండి.