చర్చికి వెళ్ళేవాళ్ళు ఎవరికి ఓటేస్తారు: జార్జియాలో నేను చూసింది

"అమెరికాలో చర్చి మానకుండా వెళ్ళేవాళ్ళంతా రిపబ్లికన్లకే వేస్తారట, నిజమేనా?" అని అడిగారు. సగమే నిజం. 2020లో నెలకొకసారైనా ఆరాధనకు వెళ్ళేవాళ్ళలో 59 శాతం ట్రంప్‌కి వేశారని ప్యూ రిసెర్చ్ అనే అమెరికా సంస్థ చేసిన సర్వే తేల్చింది. అంతకన్నా తక్కువ వెళ్ళేవాళ్ళలో 58 శాతం బైడెన్‌కి వేశారు. తెల్లజాతి ఇవాంజెలికల్స్‌ని (బైబిలు మాటకూ మారుమనస్సుకూ పెద్దపీట వేసే ప్రొటెస్టెంట్లని) విడిగా తీస్తే ట్రంప్ వాటా 84 శాతం.

ఈ సగటుల వెనక ఏముందో నాకు అట్లాంటా వచ్చాకే తెలిసింది. మొదట్లో ఇంటికి దగ్గరని తెల్లవాళ్ళ బాప్టిస్టు చర్చికి వెళ్ళేవాళ్ళం. పాస్టరుగారు ఎప్పుడూ అభ్యర్థి పేరెత్తలేదు (పన్ను మినహాయింపున్న సంస్థలు అభ్యర్థులకు ప్రచారం చేయకూడదని 1954 నుంచి చట్టం ఉంది). గర్భస్రావాలు ఆగాలని ప్రార్థన చేస్తే చాలు, వాటిని వ్యతిరేకించేది రిపబ్లికన్లు కాబట్టి ఎటు వేయాలో అందరికీ అర్థమయ్యేది. తర్వాత ఆఫీసులో తోటి ఉద్యోగిని ఒకామె తమ నల్లజాతి బాప్టిస్టు చర్చికి రమ్మంది. అదే బైబిలు. కానీ అక్కడ ప్రసంగం నిర్గమకాండం మీద, బానిసత్వం నుంచి విడుదల మీద. ఆరాధన ముగిసేసరికి ముందస్తు పోలింగుకు తీసుకెళ్ళే వ్యాన్లు బయట సిద్ధంగా ఉన్నాయి. 'సోల్స్ టు ద పోల్స్' అంటారు. ఓటు హక్కు కోసం వాళ్ళ పెద్దలు దెబ్బలు తిన్నారు, ఆ పోరాటానికి చర్చిలే ఆసరా అయ్యాయి. మార్టిన్ లూథర్ కింగ్ సేవ చేసిన ఎబెనెజర్ చర్చి పాస్టరు రఫేల్ వార్నాక్ 2021లో డెమోక్రాటుగా సెనేట్‌కి గెలిచారు. నల్లజాతివాళ్ళలో చర్చి మాననివాళ్ళు కూడా 2020లో పదింట తొమ్మిదిమంది డెమోక్రాట్లకే వేశారు. అందుకే ఎన్నిసార్లు వెళ్తారని కాదు, ఏ చర్చికి వెళ్తారు, పక్కన ఎవరు కూర్చుంటారు అని అడగాలంటాను.

నాకు ఇది చిన్నప్పటి నుంచీ తెలిసిన సంగతే. బాపట్ల దగ్గర మా పల్లెలో గుడి అంటే లూథరన్ గుడే. ఆరాధనయ్యాక అరుగు మీద ఇళ్ళ పట్టాలు, కూలిరేట్లు మాట్లాడుకునేవాళ్ళు. ఓటెవరికో అక్కడే తేలేది. అయ్యగారి ప్రసంగం కంటే ఆ అరుగు మీద మాటకే బరువెక్కువ.

మన దగ్గర ఇంకో చిక్కుంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులకు ఎస్సీ హోదా ఉండదు. ఆదివారం గుడికొచ్చే ఎంతోమంది కాగితం మీద హిందువులే. అలాంటప్పుడు మతాన్ని బట్టి ఓట్లు లెక్కగట్టే సర్వేని నేనెలా నమ్మను? మా పెద్దమ్మ జనాభా లెక్కలవాళ్ళకు ఎప్పుడూ 'హిందూ మాల' అనే చెప్పేది. ఒక్క ఆదివారం కూడా ఆమె గుడి మానడం నేను చూడలేదు.