రిమాండ్‌లో ఉన్నవాళ్లకు ఇంటి మందులు అందాలంటే ఏం చేయాలి?

నాన్నగారికి షుగర్ అనీ, గుండెకు స్టెంట్ ఉందనీ, నిన్న రిమాండ్‌కి పంపారనీ రాశారు. ఇంటి మందులు లోపలికి తీసుకుంటారా అని మీ ప్రశ్న. తీసుకుంటారు. కాకపోతే ములాఖత్‌లో మీరిచ్చినవి నేరుగా ఆయన చేతికి వెళ్లవు. గేటు దగ్గర తీసుకుని, డాక్టరు చూసి సరే అన్నాకే ఇస్తారు. చీటీ లేని మాత్ర గేటు దాటదు. స్టెంట్ ఉన్నవాళ్లు రక్తం గడ్డకట్టకుండా వేసుకునే మాత్రలు డాక్టరు చెప్పకుండా మానకూడదు కాబట్టి ఈరోజే కదలండి. ప్రిస్క్రిప్షను, డిశ్చార్జి సమ్మరీ జిరాక్సులు తీయించి సూపరింటెండెంటుకు ఒక సెట్టు, జైలు డాక్టరుకు ఒకటి, లాయరుకు ఒకటి ఇవ్వండి. సూపరింటెండెంటుకిచ్చే అర్జీ మీద ముట్టినట్టు సంతకం, స్టాంపు తీసుకోవడం మర్చిపోవద్దు.

మా మరిది సంగతి చెబుతాను. ఇన్సులిన్ మీద ఉన్న మనిషి. డబ్బుల తగాదాలో కేసు పడి సబ్ జైలుకి వెళ్లాడు. అక్కడ సెంట్రల్ జైల్లోలా ఆసుపత్రి లేదు, గవర్నమెంటు ఆసుపత్రి డాక్టరే అప్పుడప్పుడు వచ్చి చూసి వెళ్లేవారు. ఇన్సులిన్ ఆఫీసు ఫ్రిజ్‌లో పెట్టారు, సూది బ్యారక్‌లోకి పంపరు. అంతవరకు బాగానే ఉంది. చిక్కల్లా భోజనం వేళతో వచ్చింది. సాయంత్రం ఐదింటికల్లా రాత్రి భోజనం పెట్టి, లెక్క చూసుకుని తాళాలు వేసేస్తారు. మళ్లీ పొద్దున టిఫినే. ఇంట్లో తొమ్మిదింటికి తినే మనిషి డోసు అక్కడ ఐదింటికి పడేసరికి అర్ధరాత్రి షుగర్ పడిపోయి ఒళ్లంతా చెమటలు, వణుకు. పక్క చాపమీది కుర్రాడు తన గ్లూకోజ్ బిస్కెట్లు తినిపించి వార్డరును కేకేశాడట.

మర్నాడు మా లాయరు మెజిస్ట్రేట్ కోర్టులో పిటిషన్ వేశారు. "తగిన వైద్యం అందించాలి" అని ఊరికే రాయలేదు. డాక్టరు చూసి డోసు మార్చాలి, రాత్రికి బ్రెడ్డో బిస్కెట్లో దగ్గర ఉంచుకోనివ్వాలి, చేసినట్టు జైలు అధికారి కోర్టుకు రిపోర్టు పంపాలి అని విడివిడిగా అడిగారు. ఆర్డరు చేతికందాక అదే సిబ్బంది చకచకా చేశారు. వాళ్లు రాతిగుండె మనుషులేం కాదండీ. రేపు ఏదన్నా అయితే ఎవర్నడిగి ఇచ్చావంటారని వాళ్ల భయం వాళ్లది. కాగితం ఉంటే ఆ భయం పోతుంది.

చట్టం మీవైపే ఉంది. అరెస్టయిన మనిషిని డాక్టరు పరీక్షించాలనీ, ఆ రిపోర్టు కాపీ ఆయనకో, ఆయన చెప్పినవాళ్లకో ఇవ్వాలనీ బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 53వ సెక్షన్ చెబుతోంది. ఆ కాపీ అడగండి. అందులో షుగర్, స్టెంట్ ప్రస్తావన లేకపోతే వెంటనే లాయరుకు చూపించండి. ఒంట్లో బాగాలేదని ఖైదీ చెబితే ఆలస్యం లేకుండా వైద్య సిబ్బందికి తెలియజేయాలని 1894 నాటి జైళ్ల చట్టంలోనే ఉంది. పెద్ద కేసైనా సరే, జబ్బుతో ఉన్నవాళ్లకు బెయిల్ ఇవ్వొచ్చని బీఎన్ఎస్ఎస్ 480వ సెక్షన్ అంటుంది. ఇవ్వొచ్చనే, ఇచ్చి తీరాలని కాదు. లాయరు ఫీజుకి ఇబ్బందైతే ఉచిత న్యాయ సహాయం నంబరు 15100కి ఫోన్ చేయండి. కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది, 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ కింద.

గుండె డాక్టరు దగ్గరికి బయటికి తీసుకెళ్లాలంటే ఏఆర్ (ఆర్మ్‌డ్ రిజర్వ్) పోలీసుల ఎస్కార్ట్ కావాలి. ఊళ్లో నిమజ్జనమో, మంత్రిగారి సభో ఉంటే వాళ్లంతా బందోబస్తుకి పోతారు, మన తేదీ గాల్లో కలుస్తుంది. అందుకని చెకప్ తేదీ కూడా పిటిషన్‌లో రాయించండి. 300 మంది ఖైదీలకు ఒక డాక్టరు ఉండాలని 2016 మోడల్ ప్రిజన్ మాన్యువల్ లెక్క. ఆ డాక్టర్లే ఉంటే ఇంత ఎదురుచూపు ఎందుకు?

ఇంకొకటి, బెయిల్ వచ్చిన రోజు సంతోషంలో గేటు దగ్గర్నుంచి అలాగే వచ్చేయకండి. మిగిలిన మందులు, లోపల డాక్టరు చూసిన కాగితాలు అడిగి తీసుకోండి. బిస్కెట్లు పెట్టిన ఆ కుర్రాడు టీబీ మందుల మీద ఉన్నాడు, ఆరు నెలల కోర్సు. వాడికి బెయిలొచ్చి చీకటిపడ్డాక వదిలితే, మాత్రలు లేకుండా బస్సెక్కేశాడు. మా మరిది చెబితే కనుక్కుని ఫోన్ చేశాం. టీబీ రోగులకు ఇచ్చే నిక్షయ్ నంబరు వాడి పాత చీటీ మీదే ఉంది. అది పట్టుకుని వాళ్లూరి పీహెచ్‌సీకి వెళ్తే, మిగతా కోర్సు అక్కడే మొదలుపెట్టారు.