ఇంటర్‌కి ఊరు మారుస్తున్నారా? ముందు లోకల్ లెక్క చూసుకోండి

ప్రశ్న: మాది నంద్యాల. అమ్మాయి పదో తరగతి వరకు ఇక్కడే చదివింది. ఇంటర్‌కి విజయవాడ పంపితే రాయలసీమ కాలేజీల్లో లోకల్ కోటా పోతుందా?

జవాబు: పోదు. 1974 రాష్ట్రపతి ఉత్తర్వుల నుంచి వస్తున్న పద్ధతిలో కన్వీనర్ సీట్లలో (కౌన్సెలింగ్ ద్వారా ర్యాంకుతో ఇచ్చే సీట్లు) 85 శాతం ఆ ప్రాంత స్థానికులవి. ఉమ్మడి కర్నూలు, అనంతపురం, కడప, చిత్తూరు, నెల్లూరు జిల్లాలు ఎస్వీయూ (శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం) పరిధి. శ్రీకాకుళం నుంచి ప్రకాశం దాకా మిగతా ఎనిమిది ఉమ్మడి జిల్లాలు ఏయూ (ఆంధ్ర విశ్వవిద్యాలయం) పరిధి.

మొదట 9, 10, ఇంటర్ రెండేళ్లు చూస్తారు. ఈ నాలుగేళ్లూ వరసగా ఒకే పరిధిలో చదివితే అక్కడే లోకల్. అలా లేకపోతే 6 నుంచి ఇంటర్ దాకా ఏడేళ్లు లెక్కేసి, ఎక్కువ ఏళ్లు ఎక్కడ చదివితే అక్కడ లోకల్ అంటారు. మీ అమ్మాయికి నంద్యాల ఐదేళ్లు, విజయవాడ రెండేళ్లు. కాబట్టి ఎస్వీయూ లోకలే. ఇంటర్ తర్వాత లాంగ్‌టర్మ్ కోచింగ్ ఏడాది ఎక్కడ గడిపినా ఈ లెక్కలోకి రాదు.

తేడా వచ్చేది తొమ్మిదిలోనే. ఫౌండేషన్ బ్యాచ్ (ఎంట్రన్స్‌కి ముందు నుంచే ఇచ్చే కోచింగ్) అని ఎనిమిది అవగానే విజయవాడలో చేర్పిస్తే నాలుగేళ్లూ ఏయూలో పడతాయి, పుట్టి పెరిగింది సీమలోనే అయినా ఏయూ లోకల్ అవుతుంది. ఇంజినీరింగ్‌కి అది నష్టమేమీ కాకపోవచ్చు, ఆ పరిధిలో కాలేజీలు ఎక్కువ. కానీ తిరుపతి, కర్నూలు ప్రభుత్వ కాలేజీల మీదే ఆశ పెట్టుకున్నవాళ్లు తొమ్మిదిలో కదిలించకపోవడమే మంచిది. ఆ సీట్లకు ఇక మిగిలిన 15 శాతంలోనే పోటీ పడాలి. ఆ 15 శాతం నాన్‌లోకల్ వాళ్ల కోసమే కేటాయించినవీ కావు, మంచి ర్యాంకున్న లోకల్ పిల్లలూ అందులోనే సీటు తీసుకుంటారు.

ప్రశ్న: మాది గుంటూరు. అబ్బాయి తొమ్మిది నుంచి హైదరాబాద్‌లో చదువుతున్నాడు. జేఈఈ కూడా రాస్తాడు. ఏ రాష్ట్రం కిందికి వస్తాడు?

జవాబు: రెండు చోట్ల రెండు లెక్కలు. రాష్ట్ర కౌన్సెలింగ్‌కి నాలుగేళ్ల నియమం వర్తిస్తుంది కాబట్టి ఆంధ్రప్రదేశ్‌లో లోకల్ కాడు. తల్లిదండ్రుల్లో ఒకరు రాష్ట్రంలో మొత్తం పదేళ్లు నివసించినట్టు తహసీల్దార్ ధ్రువపత్రం ఉంటే 15 శాతం సీట్లకు అర్హత ఉంటుంది. ఆ పత్రం కౌన్సెలింగ్‌కి ముందే తీసి ఉంచండి.

జేఈఈ ర్యాంకుతో సీట్లిచ్చే ఎన్‌ఐటీలకు మాత్రం 12వ తరగతి మొదటిసారి ఎక్కడ పాసయ్యారన్నదొక్కటే ముఖ్యం. సగం సీట్లు సొంత రాష్ట్రానివి. హైదరాబాద్‌లో ఇంటర్ పాసైతే వరంగల్ ఎన్‌ఐటీలో హోమ్ స్టేట్, తాడేపల్లిగూడెంలో అదర్ స్టేట్. ఈ సంగతి చాలామందికి ఛాయిస్‌లు పెట్టేటప్పుడు గానీ తెలియదు. ఐఐటీల్లో ఈ కోటా లేదు.

ప్రశ్న: ఆధార్, రేషన్‌కార్డు ఒంగోలు అడ్రస్‌తోనే ఉన్నాయి. అవి చాలవా?

జవాబు: చాలవు. బడిలో చదివినవాళ్లకు స్టడీ సర్టిఫికెట్లే ఆధారం. ఆ ఏడేళ్లలో ఏ బడిలోనూ చదవని ప్రైవేటు అభ్యర్థులకే నివాస ధ్రువపత్రం పనికొస్తుంది. ఏ తరగతి ఏ విద్యాసంవత్సరంలో చదివారో, బడి ఏ ఊళ్లో ఉందో సర్టిఫికెట్‌లో స్పష్టంగా ఉండాలి. ఒక్క ఏడాది రాయకుండా వదిలేసినా వెరిఫికేషన్‌లో ఆపేస్తారు. పాత బడి మూతపడితే రికార్డుల కోసం మండల విద్యాధికారి కార్యాలయంలో అడగండి. పేరు ఒక కాలేజీలో, చదువు ఇంకో ఊళ్లో అయితే లెక్కకొచ్చేది పేరున్న కాలేజీయే.