సేఫ్టీ ఆఫీసరు కాబోతున్న మేనకోడలికి

చిత్తూరు

పాపా,

రేణిగుంట ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసరుగా చేరుతున్నావనీ, హెల్మెట్లు, గాయాల లెక్కలు చూసే కమిటీలోకే అమ్మోనియా ప్లాంటు భద్రతనూ తెస్తానంటున్నావనీ మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. మనింట్లో ఇలాంటి పనికి పోతున్న మొదటి ఆడపిల్లవు. సంతోషమూ టెన్షనూ కలిసి రాత్రి నిద్ర పట్టలేదు.

గాగుల్స్, గ్లౌజులు, వెల్డింగు పర్మిట్లు నీకు తెలిసినవే. కళ్లు కడుక్కునే కుళాయిలో నీళ్లొస్తున్నాయో లేదో రోజూ తిప్పి చూడు.

నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. మీ అమ్మకు కూడా పూర్తిగా చెప్పలేదు.

అప్పుడు నేను మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ చూసేవాణ్ణి. తోతాపురి సీజను, గేటు బయట ట్రాక్టర్ల బారు. గుజ్జును చల్లబరిచే అమ్మోనియా ప్లాంటులో, కంప్రెసర్లోంచి అమ్మోనియాతో పాటు కొట్టుకొచ్చే ఆయిల్‌ను అప్పుడప్పుడు కిందినుంచి వదలాలి. అక్కడ స్ప్రింగు వాల్వు ఉండేది. చేత్తో పట్టుకుంటేనే తెరుచుకుంటుంది, వదిలితే మూసుకుంటుంది. ఆయిల్ మెల్లగా కారుతుంది కాబట్టి చెయ్యి లాగేస్తుంది. సేఫ్టీ మీటింగులో హెల్పర్లు నొప్పని చెప్పుకున్నారు. నాకు జాలేసి, మామూలు చక్రం వాల్వు బిగించాను. సమస్య తీరిందని రిజిస్టరులో సంతకం పెట్టాను. అందరూ మెచ్చుకున్నారు. ఆ స్ప్రింగు ఎందుకు పెట్టారని మాత్రం ఒక్కరినీ అడగలేదు.

కొన్నాళ్లకు ఒక హెల్పరు వాల్వు తెరిచి, ఎవరో పిలిస్తే నాలుగడుగులు పక్కకు పోయాడు. ఆయిల్ అయిపోయింది, దాని వెనకే ద్రవ అమ్మోనియా వచ్చింది. మైనస్ 33 డిగ్రీలకే మరిగే సరుకది. గాలికన్నా తేలిక, పైకి పోతుందని చదువుకున్నాను. ఆ రోజు చల్లగా, తెల్లటి పొగలా మోకాళ్ల ఎత్తున నేలమీదే పాకింది. వాల్వు మూయాలని ఆ అబ్బాయే వంగాడు. ఒక కంటి చూపు పోయింది. మిగతావాళ్లు మేం నేర్పినట్టే గేటు దగ్గరికి పరుగెత్తారు. గాలీ అటే వీస్తోంది.

అతని ఊరు బంగారుపాళ్యం పక్కన. ఏటా సంక్రాంతికి పోయి వస్తాను. ఒక్క మాట అనడు. మజ్జిగ ఇచ్చి కూర్చోమంటాడు. ఆ మజ్జిగ నాకు గొంతు దిగదు.

నొప్పి అబద్ధం కాదు పాపా. ఇద్దరిని మార్చి మార్చి నిలబెట్టినా, కూర్చోడానికి స్టూలు వేసినా తీరేది. నీ దగ్గరికి ఏ ఫిర్యాదు వచ్చినా ప్లాంటు ఆపరేటరునూ మెయింటెనెన్స్ వాళ్లనూ కూర్చోబెట్టి, దీన్ని మారిస్తే లోపలున్నది ఎటు వస్తుందని అడుగు. జవాబు రాకుండా సంతకం పెట్టావా, నేనే వచ్చి తిడతాను. నీది చిన్నప్పటినుంచీ తొందర. జామచెట్టెక్కి, దిగే దారి తెలియక ఏడ్చినదానివి.

గేటు దగ్గర 'ప్రమాదం లేని రోజులు' అని బోర్డు ఉంటుంది. దాన్ని చూసి ధీమా పడొద్దు. నేను వాల్వు మార్చాక కూడా ఆ అంకె పెరుగుతూనే ఉండింది. 2005లో అమెరికాలో టెక్సస్ సిటీ రిఫైనరీ పేలి 15 మంది చనిపోయారు. అక్కడా చిన్న గాయాల లెక్క చూసుకునే బాగున్నామనుకున్నారు. నువ్వు పైపు మందం కొలతలు, ఒత్తిడి పెరిగితే తెరుచుకునే రిలీఫ్ వాల్వు పరీక్షల తేదీలు, ఎక్కడెక్కడ వాసన వచ్చిందో ఆ చిన్న లీకులు, ఇవి కూడా అదే మీటింగులో చదివించు.

మొదటి రోజే మేడెక్కి, గాలి ఎటు వీస్తోందో చూపే గాలి జెండా చిరిగిందేమో చూడు. లీకైనప్పుడు జనం చేరే చోట్లు రెండు వైపులా పెట్టించు, గాలికి ఎదురు వైపు పోవచ్చు.

రాత్రి షిఫ్టు అయితే ఇల్లు చేరాక ఫోన్ చెయ్యి. ఎంత రాత్రయినా మేలుకునే ఉంటాను.

మీ మామ