నచ్చింది సరే, ఎక్కడ నచ్చింది?

చిరంజీవి బుజ్జికి అత్తయ్య ఆశీస్సులు.

ఆ పడవ ప్రయాణం నవల మీద నువ్వు రాసి పంపింది చదివాను. "హీరో సూపర్. హీరోయిన్ కాస్త ఓవర్. సస్పెన్స్ బాగుంది కానీ సెకండాఫ్ లాగ్. మూడున్నర స్టార్లు." ఆ నవల పేరు తీసేసి ఇంకో నవల పేరు పెట్టినా ఇందులో ఒక్క మాట మార్చక్కర్లేదు. పేరు మార్చినా అతుక్కుపోయే అభిప్రాయం ఎవరికీ పనికిరాదు. రొమాన్స్ నవలల మీద తెలుగులో రాస్తానంటున్నావు కాబట్టి, ఫోన్లో సగం సగం చెప్పే బదులు కూర్చుని రాస్తున్నాను. ఓపిగ్గా చదువు.

నచ్చిందంటే ఎక్కడ నచ్చిందో చెప్పాలి. నచ్చకపోతే ఎక్కడ చెడిందో చెప్పాలి. నేను నీకు చెప్పేది ఇంతే, మిగతాదంతా దీని చుట్టూ తిరిగేదే. వెనకటికి లెండింగ్ లైబ్రరీ పుస్తకాల చివరి అట్ట లోపల పాఠకులు పెన్సిలుతో రాసేవాళ్ళు. "గుడ్" అని ఒకరు, "టైమ్ వేస్ట్" అని ఇంకొకరు. రాయపేట నుంచి సంచీ నిండా మిల్స్ అండ్ బూన్ ప్రేమ నవలలు మోసుకొచ్చే రోజుల్లో అవి చదివి నవ్వుకునేదాన్ని. కానీ ఒకావిడెవరో మాత్రం "44వ పేజీ దాకా ఓపిక పట్టండి" అని రాసేది. ఆ చేతిరాత కనిపిస్తే చాలు, పుస్తకం తీసేసుకునేదాన్ని. ఆవిడ చెప్పిన పేజీలో ఏదో ఒకటి ఉండి తీరేది.

అందుకని చదివేటప్పుడే గుర్తులు పెట్టుకో. కాగితం పుస్తకమైతే పెన్సిలు, కిండిల్ అయితే హైలైట్. పూర్తయ్యాక మనకి గుర్తుండేది చివరి యాభై పేజీలే. ఆ ఊపులో రాస్తే పుస్తకమంతా అలాగే పరిగెత్తిందనిపిస్తుంది. వీళ్ళిద్దరికీ ఒకరంటే ఒకరికి ఇష్టమని నేను నిజంగా నమ్మిన చోట ఒక గీత పెడతాను. రచయిత్రి నమ్మమన్న చోటు కాదు సుమా, నేను నమ్మిన చోటు. ఆ రెండింటి మధ్య నూట యాభై పేజీల దూరం ఉంటే, చెప్పాల్సిన సంగతి అదే.

మొన్నొకటి చదివాను. ఒంటరిగా ఉండే అమ్మాయి, వెంటాడే అజ్ఞాతవ్యక్తి, కాపలాకొచ్చిన పోలీసు. వందసార్లు చదివిన కథే. అందులో ఆ అమ్మాయి రాత్రిపూట తలుపు వెనకాల ఖాళీ సీసా నిలబెడుతుంది, ఎవరైనా తోస్తే చప్పుడవుతుందని. అతను కిటికీల గడియలు చూస్తూ వచ్చి ఆ సీసా చూస్తాడు. "నేనున్నాగా, ఇంకా ఇదెందుకు" అనడు. వంటింట్లోకి వెళ్ళి ఇంకో సీసా తెచ్చి దాని పక్కన పెట్టి, వెళ్ళి సోఫాలో పడుకుంటాడు. అంతే, ఆరు వాక్యాలు. భయమూ ప్రేమా ఒకే చోట కలిసిన ముక్క అది. తర్వాత పాతిక పేజీల శృంగారం ఉంది, దాన్ని చదివినా చదవకపోయినా నష్టం లేదు. నేను ఆ నవల గురించి రాసినప్పుడు సీసాల సంగతే రాశాను. అది చూసి నలుగురు ఆ నవల చదివారు.

రొమాంటిక్ సస్పెన్స్‌కి, అంటే ప్రేమా నేరమూ కలిసి నడిచే నవలలకి, నేను పెట్టే పరీక్ష ఒకటుంది. ప్రమాదాన్ని తీసేసి చూడు, వీళ్ళకి మాట్లాడుకోవడానికి ఇంకేమన్నా మిగిలిందా? ప్రేమని తీసేసి చూడు, నేరం కథ తన కాళ్ళ మీద నిలబడుతుందా? చాలావాటిలో ఏదో ఒకటి కుంటిదే ఉంటుంది. కుంటిదైనా ఫరవాలేదు, ఏది కుంటిదో చెప్పేస్తే కావలసినవాళ్ళు చదువుకుంటారు. ఇకపోతే బయట తుపాకీ పట్టుకుని వాడు తిరుగుతుంటే, లోపల బీరువా వెనక దాక్కున్న ఈ ఇద్దరూ ఆరు పేజీల ముద్దు పెట్టుకోవడం... ఈ జాతి నవలలకి ఇది పుట్టుమచ్చ. చదివేవాళ్ళందరికీ తెలుసు, మళ్ళీ మళ్ళీ దెప్పకు. ముప్పాతిక పుస్తకం దగ్గర ఒక్క ఫోనుకాల్‌తో తీరిపోయే అపార్థం వచ్చి జంట విడిపోవడం కూడా అంతే. విడగొట్టడానికి పెట్టిన కారణం ఆ మనుషుల స్వభావంలోంచి వచ్చిందా, లేక ఇంకో అరవై పేజీలు నింపడానికి వచ్చిందా అన్నది మాత్రం చూడు.

"చివరికి కలుస్తారని ముందే తెలిసిపోయింది" అని తప్పుపట్టకు. తెలియాలి. అమెరికా రొమాన్స్ రచయితల సంఘం ఇచ్చిన నిర్వచనంలోనే రెండు షరతులున్నాయి. కథకి కేంద్రం ప్రేమే కావాలి, ముగింపు మనసుకి తృప్తినిచ్చి ఆశ మిగల్చాలి. నవల రొమాన్స్‌నని చెప్పుకుని చివర్లో హీరోని చంపేస్తే అది మోసం, దాన్ని గట్టిగా అడుగు. సుఖాంతమైనందుకు మాత్రం మార్కులు కొయ్యకు. సస్పెన్స్ సగానికి వేరే లెక్క, అక్కడ ఎవరు, ఎందుకు అన్నది ముందే తెలిస్తే లోపమే.

ఆ 'ఎవరు' నీ నోటి నుంచి రాకూడదు. మధ్యమధ్య హంతకుడి ఆలోచనలు, పేరు లేకుండా, వాలు అక్షరాల్లో వస్తుంటాయి చూశావా, వాటి గురించి రాసేటప్పుడు మరీ జాగ్రత్త. "అన్నయ్యని అనుమానించాను, తప్పయింది" అన్నా ఒకరిని జాబితాలోంచి కొట్టేసినట్టే. "సగానికి ముందే పట్టేశాను, ఆధారాలు మరీ ఎదురుగా ఉన్నాయి" అంటే చాలు. కథంతా తిరిగి చెప్పడం కూడా మానుకో. మాలతీ చందూర్ గారు ఈ మద్రాసులోనే ఉండి, స్వాతి మాసపత్రికలో 'పాత కెరటాలు' శీర్షికన ఇంగ్లీషు నవలల కథల్ని పూసగుచ్చినట్టు చెప్పేవారు. అప్పుడది అవసరం. ఏ చిన్న ఊళ్ళోనో ఉన్న పాఠకురాలికి ఆ పుస్తకం జన్మలో దొరికేది కాదు. నీ పాఠకురాలు షోళింగనల్లూరు బస్సులో కూర్చుని రెండు నిమిషాల్లో శాంపిల్ దింపుకుంటుంది. ఆవిడకి కావలసింది కథ కాదు, చదవాలా వద్దా అన్నది.

దానికి కొన్ని పొడి వివరాలు కావాలి, మొహమాటపడకుండా ఇవ్వు. ఇది సిరీస్‌లో ఎన్నోది, విడిగా చదవొచ్చా? ఈ రకం సిరీస్‌లలో ఒక్కో పుస్తకానికి ఒక్కో జంట మారినా, నేరం మాత్రం నాలుగు పుస్తకాల మీదుగా సాగుతుంటుంది. పడకగది తలుపు మూసి ఉందా, తెరిచి ఉందా, అంటే శృంగారం దాటేస్తారా, చూపిస్తారా? హింస ఏ మేరకు? పిల్లలకి ఏమన్నా అవుతుందా? మా ఆదివారం పుస్తకాల గుంపులో పై అంతస్తు వదిన ఈ చివరి ప్రశ్నకి జవాబు తెలిస్తేగాని పుస్తకం ముట్టుకోదు.

హీరో గురించి ఇంకొక మాట. కాపాడతానంటూ ఆమెకి తెలియకుండా ఫోన్లో ట్రాకర్ పెడతాడు, ఉద్యోగం మానమంటాడు, ఎక్కడికెళ్ళినా వెనకాలే ఉంటాడు. వెంటాడే విలన్ చేసేదీ అదే. తేడా ఏమిటో రచయిత్రికి తెలుసా లేదా? ఆ అమ్మాయి నిలదీస్తుందా, కరిగిపోతుందా? మా తరం వారపత్రికల సీరియల్స్‌లో పొడుగు కారు దిగి చెంప పగలగొట్టే హీరోల కోసం వారం వారం ఎదురుచూశాం. కాబట్టి నేను నీతులు చెప్పను. కానీ అది ఎన్నో పేజీలో జరిగిందో, ఆ తర్వాత పుస్తకం దాన్ని ఎలా చూసిందో నువ్వు రాయాలి.

స్టార్ల సంగతి తొందరగా తేల్చేస్తాను. పాఠకులు పుస్తకాల మీద రాసుకునే గుడ్‌రీడ్స్ సైట్‌లో రెండు స్టార్లంటే ఫరవాలేదని, మూడంటే నచ్చిందని. అమెజాన్‌లో మూడిస్తే విమర్శల కుప్పలో పడేస్తాడు. ఒకే అంకె రెండు చోట్లా పెట్టావంటే ఒకచోట అబద్ధమాడినట్టే. మన దేశంలో ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ఉచితంగా వచ్చినదాన్ని గురించి రాసేటప్పుడు ఆ సంగతి పాఠకుడికి కనిపించేలా చెప్పాలి. విడుదలకి ముందు కాపీలు నీకూ వస్తాయి ఒకనాటికి, పై వరసలోనే రాసెయ్యి. సగంలో వదిలేసిన పుస్తకానికి స్టార్లివ్వకు. "ముప్పై శాతం దగ్గర ఆపేశాను, ఎందుకంటే" అని రాయి. అదీ అభిప్రాయమే, దొంగచాటుగా చివరి పేజీలు తిరగేసి మొత్తం చదివినట్టు రాసేవాళ్ళ కన్నా ఎంతో నయం.

రచయిత్రిని ఏమీ అనకు, పుస్తకాన్ని ఎంతైనా అను. "ఇలాంటి చెత్త ఎవరు చదువుతారు" అన్న మాట రాయబోతే ఆగు, చదివేది మీ అత్తయ్యే.

జనవరిలో నందనం వైఎంసీఏ మైదానంలో పుస్తకాల పండగ పెట్టగానే వెళ్దాం, ఇంగ్లీషు పాత పుస్తకాలు కుప్పల్లో దొరుకుతాయి. ఈలోగా ఆ పడవ ప్రయాణం నవల మీద నీ అభిప్రాయం మళ్ళీ రాసి పంపు. నీకు హీరోయిన్ ఓవర్ అనిపించింది కదా, నాకు ఆవిడ ఒక్కతే తెలివైనదనిపించింది. ఎక్కడ ఓవర్ అయిందో పేజీ నంబరుతో చెప్పు, నా పేజీలు నేను తీసి పెట్టుకున్నాను.

మీ అత్తయ్య