గ్యాస్ కనెక్షన్ ఉన్న ఇంట్లో కట్టెల పొయ్యి ఎందుకు వెలుగుతోంది?

బడ్జెట్ పరిమితి (ఉన్న డబ్బుతో ఎంతవరకు కొనగలమన్న హద్దు), అవకాశ వ్యయం (ఒకటి ఎంచుకున్నందుకు వదులుకోవలసి వచ్చేదాని విలువ) అనే భావనలు పాఠ్యపుస్తకాల్లో చక్కగా కనిపిస్తాయి గానీ, సామాన్య కుటుంబాలు నిజంగా ఆ లెక్కన నిర్ణయాలు తీసుకుంటాయా అని మీరు అడిగారు. తీసుకుంటాయి, అదీ చాలా కచ్చితంగా తీసుకుంటాయి అన్నది నా సమాధానం. మాది ఉమ్మడి నల్గొండ జిల్లాలో పత్తి పండే ఊరు. వంటగ్యాస్ విషయంలో మా ఇంట్లోనూ, చుట్టుపక్కల ఇళ్లలోనూ ఏళ్ల తరబడి చూసినదాన్ని ఆధారంగా చేసుకొని చెబుతున్నాను.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో మొదలైన దీపం పథకం, ఆ తర్వాత 2016లో కేంద్రం తెచ్చిన ఉజ్జ్వల పథకం వల్ల కనెక్షన్ తీసుకోవడం పేద ఇళ్లకు కూడా సాధ్యమైంది. అయినా మా ఊళ్లో చాలా ఇళ్ల పెరట్లో కట్టెల పొయ్యి ఇప్పటికీ వెలుగుతూనే ఉంది. పట్నంలో ఉండే బంధువులు దీన్ని పాత అలవాటనో, అవగాహన లేకపోవడమనో అంటారు. నేను ఒప్పుకోను. అలవాటే కారణమైతే ఏడాది పొడవునా ఒకేలా ఉండాలి కదా? అదే ఇల్లు, అదే ఇల్లాలు, సిలిండర్ ధరలో మార్పు లేకపోయినా కార్తీకంలో ఒక పొయ్యిని, చైత్రంలో మరో పొయ్యిని ఎంచుకుంటున్నారంటే మారినది వేరే ఏదో ఉంది.

ఆ మారినది ఆమె సమయం విలువ. మా వైపు పత్తి ఏరినందుకు కూలి కిలోల లెక్కన ఇస్తారు. కిలోకు 10 రూపాయలు, గంటకు 5 కిలోలు అనుకుందాం. అంటే పొయ్యి రాజేసి, ఊదుతూ, మసిపట్టిన గిన్నెలు తోముతూ గడిపే ఒక గంటకు ఆమె వదులుకునేది 50 రూపాయలు. సుమారు 900 రూపాయల సిలిండర్ నలభై అయిదు రోజులు వస్తే, రోజుకు అయ్యే ఖర్చు 20 రూపాయలు. ఏరే కాలంలో ఆ ఇంట గ్యాస్ మీద వండటం విలాసం కాదు, అదే చవకైన మార్గం. ఎండాకాలం వచ్చేసరికి పొలం పని ఉండదు, పీకేసిన పత్తి కట్టె ఊరికే దొరుకుతుంది, గంటకు వచ్చే కూలి సున్నా. కాబట్టి కట్టెల పొయ్యే చవక. ఉపాధి హామీ పని దొరికి పొద్దున్నే బయలుదేరవలసిన వారాల్లో మాత్రం మళ్లీ గ్యాస్ వెలిగిస్తారు. ఇదంతా కాగితం మీద ఎవరూ వేసుకోరు, కానీ ఇంటింటా వంట ఈ లెక్క ప్రకారమే సాగుతుంది.

బడ్జెట్ పరిమితి సంగతికి వస్తే, నెల మొత్తం ఆదాయం కంటే ఆ రోజు చేతిలో ఎంత నగదు ఉందన్నదే అసలు హద్దు. తెలంగాణలో 2024 ఫిబ్రవరి నుంచి అర్హులైన కుటుంబాలకు సిలిండర్ 500 రూపాయలకే అందుతోంది. అయితే గుమ్మం దగ్గర పూర్తి ధర చెల్లించాలి, మిగతా సొమ్ము తర్వాత బ్యాంకు ఖాతాలో పడుతుంది. కిరాణా కొట్టువాడు ఖాతా రాసుకొని బియ్యం, నూనె ఇస్తాడు గానీ, సిలిండర్ తెచ్చిన అబ్బాయి అప్పు పెట్టడు. ఇప్పుడు జూన్ నెలను చూడండి. 2025 వానాకాలానికి బీజీ-2 (కాయతొలుచు పురుగును తట్టుకునేలా జన్యుమార్పిడి చేసిన) పత్తి విత్తనాల 475 గ్రాముల ప్యాకెట్‌కు కేంద్రం నిర్ణయించిన గరిష్ఠ ధర 901 రూపాయలు, అంటే దాదాపు ఒక సిలిండర్ ధర. తొలకరి పడ్డాక విత్తనం ఆగదు, వంటకు ప్రత్యామ్నాయం పెరట్లోనే ఉంది. ఆ వారంలో సిలిండర్‌కు అవకాశ వ్యయం ఒక ప్యాకెట్ విత్తనాలు, వాటితో వచ్చే పంట. నేనైనా విత్తనాలే కొంటాను.

ఇంకో చిన్న విషయం: చాలామంది రెండింటినీ పనినిబట్టి పంచుకుంటారు. టీ, పిల్లల టిఫిను గ్యాస్ మీద; స్నానాల నీళ్లు కట్టెల మీద.

అయితే ఈ లెక్కలో నన్ను బాధపెట్టే లోపం ఒకటుంది. పాఠ్యపుస్తకం వినియోగదారుణ్ని ఒకే వ్యక్తిగా చూస్తుంది. ఇంట్లో మాత్రం నగదు చాలాసార్లు మగవారి చేతిలో ఉంటుంది, పొగ పీల్చేది ఆడవారు. కళ్ల మంట, దగ్గు, కట్టెలు మోసిన నడుము నొప్పి ఎవరి జేబులోంచీ డబ్బుగా పోవు కనుక నిర్ణయించేవారికి అవి ఖర్చుగా తోచవు. మా అమ్మ పాలు అమ్మిన డబ్బు తన దగ్గరే దాచుకోవడం మొదలుపెట్టాక మా ఇంట్లో సిలిండర్ బుక్ చేసే రోజు ముందుకు జరిగింది. ఇంటి ఆదాయం మారలేదు, గ్యాస్ ధరా మారలేదు. అందుకే ఈ అంశం మీద మీరు వ్యాసం రాస్తున్నట్లయితే, బడ్జెట్ పరిమితిని చూపే రేఖ గీసే ముందు ఆ బడ్జెట్ ఇంట్లో ఎవరి చేతిలో ఉందో కూడా రాయండి. రాయితీ పోను మిగిలిన 500 మాత్రమే గుమ్మం దగ్గర తీసుకునే ఏర్పాటు జరిగితే, ఒక్కో సిలిండర్‌కు ఇచ్చే రాయితీ పైసా పెరగకుండానే, జూన్‌లో కూడా ఎన్నో ఇళ్లలో గ్యాస్ మీదే అన్నం ఉడుకుతుందని నా నమ్మకం.