ఈజీఎఫ్, ఎన్‌జీఎఫ్ రెండూ ఈఆర్‌కేనే లేపుతుంటే తేడా ఎక్కడ?

తమ్ముడూ, పీసీ12 కణాలకు (ల్యాబ్‌లో పెంచే ఎలుక కణితి కణాలు) ఈజీఎఫ్ ఇచ్చినా ఎన్‌జీఎఫ్ ఇచ్చినా (రెండూ పెరుగుదల ప్రోటీన్లే) 5 నిమిషాలకు ఫాస్ఫో-ఈఆర్‌కే బ్యాండ్, అంటే కణంలో సంకేతం మోసే ఈఆర్‌కే ఎంజైమ్ ఆన్ అయిందని బ్లాట్‌లో చూపే గీత, ఒకేలా వస్తోంది, మరి ఎన్‌జీఎఫ్‌కే నాడీకణాల్లా ఎందుకు మారుతున్నాయని అడిగావు. 5 నిమిషాల దగ్గరే ఆగితే తేడా కనపడదు. గంటకు, 2 గంటలకు కూడా శాంపిల్ తియ్యి. ఈజీఎఫ్ సిగ్నల్ అలిపిరి దగ్గర బస్సు హారన్ లాంటిది, మోగి ఆగిపోతుంది. కణం విభజన వైపు పోతుంది. ఎన్‌జీఎఫ్ మాత్రం కణం మీదుండే ట్రాక్‌ఏ (TrkA) గ్రాహకం ద్వారా ఈఆర్‌కేని గంటల తరబడి ఆన్‌లోనే ఉంచుతుంది. ఆ ఈఆర్‌కే కేంద్రకంలోకి చేరి జన్యువుల పనితీరు మార్చాకే నాడీకణాలకుండే లాంటి పోగులు సాగుతాయి. కొన్ని రోజులు పడుతుంది, రెండో రోజే టెన్షన్ పడకు. ప్లేటుకు కొల్లాజెన్ పూత వెయ్యి, కణాలు పెంచే ద్రవంలో సీరం తగ్గించు. ఇంకోటి, ఎన్‌జీఎఫ్‌ని పదేపదే కరిగించి గడ్డకట్టించొద్దు. మన తిరుపతి మే ఎండల్లో కరెంటు పోయి నా వయల్ ఒకటి అలాగే పాడైంది.